పై నుంచి మూడో అంకె

ఫిబ్రవరి 6, 2006, సోమవారం

మేడంకు మళ్లీ కొత్త పిచ్చి పట్టింది. పోయిన ఏడాది దవాఖాన ల్యాబ్ డాబా మీద వాన కొలిచే డబ్బా పెట్టించి, నెల రోజులు చుక్క పడకపోతే నేనేదో చేశానన్నట్టు నా వైపు చూశారు. ఈ ఏడాది థైరాయిడ్ వంతు.

టీఎస్‌హెచ్ కిట్‌తో పాటు వచ్చే కాగితంలో నార్మల్ 0.3 నుంచి 5.0 అని ఉంటుంది. ఏడేళ్లుగా ఆ కాగితం చూసే రిపోర్టులు రాస్తున్నాను. 5.0 దాటితే ఎర్ర గీత, పక్కన 'హై', అంటే థైరాయిడ్ మందగించిందని. ఇవాళ డాక్టర్ లలితమ్మ మేడం ఆ కాగితాన్ని వేలితో తట్టి, "గీ లెక్క ఎవరి రక్తం చూసి కట్టిండ్రో మనకెరుకనా ఉమా? వాళ్లేం తింటరో, ఏం నీళ్లు తాగుతరో. జొన్నరొట్టె తినేటోళ్ల లెక్క మనమే కడదాం" అన్నారు.

వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ వైపు నుంచి నూట ఇరవై మంది ఆరోగ్యవంతులు కావాలట. వాళ్ల అంకెల్ని ఎత్తు ప్రకారం పిల్లల్ని నిలబెట్టినట్టు వరుసగా పేర్చాలి. కింద నుంచి మూడో అంకె ఒక హద్దు, పై నుంచి మూడో అంకె ఇంకో హద్దు. ఆ మధ్యలో ఉంటే నార్మల్. చివర్ల మిగిలిన ఇద్దరిద్దరు బయట.

"గంతేనా మేడం?" అన్నాను.

"గంతే. కాని మనుషులు నిజంగ మంచిగున్నోళ్లు ఉండాలె. రోగమున్నోన్ని తెచ్చి నడుమల నిలబెడితే లెక్కంత గంగల కలుస్తది."

ఒకటో నంబరు నేనే ఇస్తానన్నాను. ముహూర్తం మంచి చేత్తో కావాలి కదా. ఫారంలో మొదటి ప్రశ్న, మీరు ఆరోగ్యంగా ఉన్నారా? ఉన్నాను అని రాశాను. ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ ఉందా? లేదు. అమ్మకుంది, కానీ అమ్మ ఉండేది నాగర్‌కర్నూల్‌లో, మా ఇంట్లో కాదు. కాబట్టి అబద్ధం కాదు.

ఫిబ్రవరి 9

గేటు దగ్గర బోర్డు పెట్టాం. 'ఆరోగ్యవంతులు కావలెను. థైరాయిడ్ పరీక్ష ఉచితం.' మూడు రోజుల్లో డెబ్బై మంది వచ్చారు. ఆరోగ్యవంతుడు ఒక్కడు లేడు.

ఉచితం అనే మాట చూసి వచ్చినవాళ్లు ఉత్త చేతులతో రాలేదు. ఒకాయన తన ఎక్స్‌రేతో పాటు భార్య ఎక్స్‌రే, బావమరిది ఎక్స్‌రే కూడా తెచ్చాడు. ఒకావిడ మోకాళ్ల నుంచి మొదలుపెట్టి మెడ దాకా వచ్చేసరికి నా టీ చల్లారిపోయింది. పల్లీల వ్యాపారి ఒకాయన, తలుపు పట్టనంత మనిషి, బాగున్నారా అంటే గొంతు తగ్గించి, "ఏం బాగు బిడ్డా, ఏదో గిట్ల నడుస్తున్నది" అన్నాడు. ఏమైనా జబ్బుందా అని అడిగితే లేదట. మరి బాగున్నట్టే కదా అంటే, "నా నోటితోని నేనెట్లంట? దిష్టి తాకదా?" అన్నాడు.

మేడం పెద్ద చదువులు చదివారు గానీ ఈ ఒక్క సంగతి మరిచారు. మా వైపు మనిషి తాను బాగున్నానని సొంత నోటితో చచ్చినా అనడు.

ఫిబ్రవరి 11

ఉపాయం దొరికింది. నాకే దొరికింది.

మనిషిని తన గురించి అడగకూడదు. వెనక నిలబడ్డవాళ్లను అడగాలి. "ఈమెకు ఏమన్న జబ్బుందా?" అనడమే ఆలస్యం, వెనకామె మొదలు పెట్టింది. "గీమెకా? రాయి లెక్కున్నది. బండ కింద ఏస్తే బండనే అరగాలె." ముందున్నామె తిరిగి చూసి, "నీకేం తక్కువనే, పొద్దుగాల రెండు రొట్టెలు ఎక్కువనే తింటివి గదా" అంది. ఒక్క దెబ్బకు ఇద్దరు ఆరోగ్యవంతులు.

సాయంత్రానికి ముప్పై ఒకరు. ఫారంలో 'పక్కవారి సాక్ష్యం' అని కొత్త గడి గీశాను. మేడం మెచ్చుకున్నారు. రక్తం తీసే సామ్యూల్ మాత్రం, "గిది ల్యాబా కోర్టా అక్కా?" అన్నాడు. సామ్యూల్‌ది ఆదివారం చర్చిలో ముందు వరుస. అబద్ధం ఆడడు, ఆడనివ్వడు. అదొక్కటే అతనితో ఇబ్బంది.

ఫిబ్రవరి 14

మొదటి ప్లేటు వేశాను, గుంటకొక మనిషి నమూనా. రంగు ఎంత చిక్కటి పసుపుగా తేలితే టీఎస్‌హెచ్ అంత ఎక్కువ. నలభై మందివి లేత నిమ్మరంగులో ఉన్నాయి. ఒక్కటి పసుపు ముద్దలా ఉంది. ఎవరో పాపం అనుకుంటూ నంబరు చూశాను.

ఒకటి. 7.1.

ఫిబ్రవరి 15

చెయ్యి వణికి ఉంటుంది. మళ్లీ వేశాను. 7.2.

ఫిబ్రవరి 16

7.0. తగ్గుతోంది.

ఫిబ్రవరి 18

"ఒకటో నంబరు మూడుసార్లు ఏసినవేందక్కా?" అన్నాడు సామ్యూల్. మిషన్ పరీక్షిస్తున్నానని చెప్పాను. ఒక రకంగా నిజమే.

ఒక్క అంకెను పట్టుకుని పరేషాన్ అవ్వడం చదువుకున్నవాళ్లు చేసే పని కాదు. స్వెటర్ వేసుకుంటున్నానంటే ల్యాబ్‌లో ఫ్యాన్ నా నెత్తి మీదే ఉంది గనుక. ఒళ్లు వచ్చిందంటే మా అత్తమ్మ చేతి వంట అలాంటిది. జుట్టు ఊడుతోందంటే బోరు నీళ్లు. నిన్న పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను, ఎవరు వెయ్యరు. మధ్యాహ్నం కుర్చీలో కునుకు పట్టిందంటే పని ఎక్కువై. దేనికి దానికి కారణం ఉంది. అన్నీ ఒకే మనిషికి ఉండటం కేవలం నా ఖర్మ.

అత్తమ్మ మాత్రం పొద్దున కూడా, "గంత అలిసిపోతున్నవ్ పిల్లా, జర దవాఖానల సూపించుకోరాదు" అంది. ఊరందరికీ చూసేదాన్ని నేనే కదా అత్తమ్మా అన్నాను. నవ్వి మంచం వాల్చి, "పో, పండుకో" అంది.

అసలు సంగతి ఇక్కడైనా రాసుకోవాలి. అమ్మకు నలభై ఏళ్లప్పుడు 'హై' అని వచ్చింది. తర్వాత మెడ మీద గడ్డ, ఆపరేషన్. గొంతు పోయింది. ఇప్పుడు ఫోన్‌లో అమ్మ మాట్లాడితే మాట కంటే గాలి ఎక్కువ వినపడుతుంది. అమ్మ గడ్డ వేరు, ఈ అంకె వేరు, రోజుకో మాత్రతో పోతుంది అని పేషెంట్లకు నేనే ధైర్యం చెబుతాను. నాకు నేను చెప్పుకుంటే పని చేయడం లేదు. భయమేస్తోంది. రాశాను, చాలు.

ఫిబ్రవరి 21

తట్టింది. ఇంత తేలిక సంగతి ఇన్ని రోజులు ఎందుకు తట్టలేదో.

పై నుంచి మూడో అంకె హద్దు. నా కంటే పైన ముగ్గురు ఉంటే ఆ మూడోవారి అంకె హద్దవుతుంది. నేను దాని కింద ఉంటాను. ఇద్దరే ఉంటే నా 7.1 హద్దు అవుతుంది, రేపు మళ్లీ 7.2 వస్తే బయటే. నార్మల్. మాత్ర అక్కర్లేదు, ఎర్ర గీత అక్కర్లేదు. నా అంకె మారక్కర్లేదు, హద్దు మారితే చాలు.

ముగ్గురు కావాలి. జబ్బని పేరు పడని మనుషులు, కానీ కాస్త మెల్లగా నడిచేవాళ్లు, కూర్చున్న చోట తూగేవాళ్లు. మా తాలూకాలో అలాంటి ముగ్గురు దొరకరా?

ఫిబ్రవరి 26, ఆదివారం, శివరాత్రి

ఖిల్లా ఘణపూర్ వెళ్లాను. మా అత్తమ్మ చెల్లెలు రాధమ్మ అక్కడే. పెనం మీద రొట్టె వేసి, అది మాడేలోపు ఒక కునుకు తీసి లేచే మనిషి. పెళ్లిపందిట్లో అక్షింతలు చేత్తో పట్టుకుని నిద్రపోయిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈమెది పది దాటకపోతే నా చదువు దండగ అనుకుని రక్తం తీశాను. తీస్తుంటే కూడా పడుకుంది.

ఫిబ్రవరి 28

రాధమ్మది 1.4. నూట ఇరవై మందిలో ఇంత చక్కటి అంకె ఉండదు. శుద్ధ బద్ధకం.

మార్చి 4

వేట ఫలించింది. బస్టాండు సైకిల్ స్టాండు బాలయ్య. టోకెన్ ఇస్తూ ఇస్తూ మధ్యలో ఆగిపోతాడు. జబ్బుందా అని అతని భార్యను అడిగాను. "రోగమా, ఆయనకా? ఆయన తిండి సూస్తే తెల్వదా?" అంది. సాక్ష్యం గడిలో 'రోగం లేదు' అని రాశాను. 9.3.

హాస్టల్ వంటమనిషి లక్ష్మీదేవమ్మ. పిలిస్తే అయిదు నిమిషాలకు పలుకుతుంది. ఆమె తోటి వంటామె సాక్ష్యం, "మంచిగనే ఉన్నది, చెవుడే జర." 8.4.

వాళ్లిద్దరికీ లెక్క అయిపోయాక విడిగా చెప్పి మందు మొదలుపెట్టిస్తాను. నెల రోజుల్లో కొంపలేం మునగవు. కచ్చితంగా చెబుతాను.

ఇంకొక్కరు.

మార్చి 11, శనివారం

గోపాల్‌పేట. వేరుశనగ పెరుకుతున్న చేను దగ్గరికి వెళ్లాం. ఇరవై మంది గుంపు. మేస్త్రి కురుమూర్తి పని ఆపనివ్వనన్నాడు గానీ, సామ్యూల్ బిస్కెట్లు తీసేసరికి ఒప్పుకున్నాడు.

అందరూ నాలుగు సాళ్లు ముందుకు వెళితే ఒకామె ఒక్కతే వెనక మిగిలింది. పెరుకుతుంది, చెట్టు చేతిలో పట్టుకుని నిలబడుతుంది, తర్వాతి చెట్టు ఎక్కడుందో గుర్తు చేసుకుంటున్నట్టు చూస్తుంది. పేరు జములమ్మ, గద్వాల దగ్గరి పిల్ల, కురుమూర్తి తమ్ముడి భార్య. ఇరవై ఆరేళ్లట. ఎండలో కొంగు కప్పుకుని ఉంది. నాకు గుండె దడదడలాడింది. సంతోషంతోనే.

"ఈమెకు ఏమన్న జబ్బుందా?" అని కురుమూర్తిని అడిగాను.

"రోగం లేదు, రొష్టు లేదు. ఉత్త పనిదొంగ. రెండేండ్ల కాడికి సురుకుగనే ఉండె, ఇప్పుడు ఒళ్లు దాసుకునుడు నేర్సింది" అన్నాడు.

గుంపులో ఆడవాళ్లు నవ్వారు. జములమ్మ చేతిలోని చెట్టుకు మట్టి దులిపింది. 'రోగం లేదు' అన్నంత వరకు రాసుకున్నాను. సూది గుచ్చినప్పుడు, "కాయితం ఇస్తరా అక్కా?" అని మాత్రం అడిగింది. ఇస్తామన్నాను.

సామ్యూల్ దారిలో, "గామె మొకం ఉబ్బినట్లు లేదా?" అన్నాడు. ఎండకు అన్నాను.

మార్చి 14

జములమ్మ 7.6. వచ్చేటప్పుడు అర కిలో బాదుషా కొన్నాను. ఎందుకని మా ఆయన అడిగితే రేపు హోలీ కదా అన్నాను.

మార్చి 24

నూట ఇరవై పూర్తయ్యాయి. మేడం పెన్సిల్‌తో వరుస పేర్చారు. పై నుంచి 9.3, 8.4, 7.6. హద్దు 7.6. నేను నాలుగో మనిషిని. లోపల.

మేడం పెన్సిల్ కింద పెట్టి చాలాసేపు ఆ అంకెనే చూశారు. "ఇంత పైకుంటదని అనుకోలే. మన నేలల, మన నీళ్లల ఏదో ఉన్నది ఉమా" అన్నారు. ఎక్కడైనా లెక్క తప్పిందేమోనని సామ్యూల్ అంటే, "ఉమ చెయ్యి పడ్డంక తప్పదు" అన్నారు.

సోమవారం నుంచి రిపోర్టులన్నింటి మీద కొత్త హద్దు. నేనే టైపు చేశాను. నార్మల్: 0.6 – 7.6.

మార్చి 25

నార్మల్. రెండుసార్లు చదువుకున్నాను.

చలి మాత్రం అలాగే ఉంది.

మార్చి 28, మంగళవారం

జములమ్మ వచ్చింది. గోపాల్‌పేట నుంచి పన్నెండు గంటల బస్సుకు, ఒక్కతే. చీర ఉతికినది కట్టుకుంది. వచ్చి కాగితం అడగలేదు. బల్ల అంచున కూర్చుని ముందు ఊపిరి తీసుకుంది.

"ఏమన్న రోగం ఎల్లిందా అక్కా?"

రోగం బయటపడిందా అని అంత ఆశగా అడిగిన మనిషిని ఈ ఏడేళ్లలో చూడలేదు. అందరూ కళ్లు మూసుకుని అడుగుతారు. ఈమె కళ్లు విప్పుకుని అడిగింది.

ఎందుకలా అడుగుతున్నావన్నాను. మెల్లగా, ఒక్కో మాట వెతుక్కుంటూ చెప్పింది. "ఐతారం మా గుంపు పూణె పోతది. నన్ను పనిదొంగ అని మా బావ బండెక్కనియ్యడట. మా ఆయన పిల్లల్ని తీస్కొని తను పోతనన్నడు. నన్ను తల్లిగారింటికి తోలిస్తరట, మళ్ల రావొద్దన్నరు. దవాఖాన కాయితంల రోగమని ఉంటె సూపెట్టు, లేకుంటె లేదు, అన్నడు మా బావ. అందుకని."

రిపోర్టు నా చేతిలోనే ఉంది. టీఎస్‌హెచ్ 7.6. నార్మల్ 0.6 నుంచి 7.6. ఎర్ర గీత లేదు. నేను టైపు చేసినదే.

"ఏం రాసిండ్రక్కా?"

అన్నీ బాగానే ఉన్నాయని చెప్పాను. నా నోటితోనే చెప్పాను.

ఆమె ఏడవలేదు. తల ఊపింది. "అంటే నాదే తప్పన్నట్టు. నేను గూడ గట్లనే అనుకున్న. ఒక్కోపారి పొద్దున లేవనీకె శాతగాదు, నాకు నేనే తిట్టుకుంట" అంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. తలుపు దగ్గర గోడ పట్టుకుని ఒక నిమిషం నిలబడి వెళ్లిపోయింది.

సామ్యూల్ నన్నే చూస్తున్నాడు.

మార్చి 29

ఈరోజు రాయడానికి ఏమీ లేదు.

బస్టాండుకు పోయి గోపాల్‌పేట బస్సు టైమ్ చూసి వచ్చాను. వెళ్లలేదు.

మార్చి 30, ఉగాది

ల్యాబ్ సెలవు. మేడం ఇంటికి వెళ్లాను. పచ్చడి గిన్నె చేతికిచ్చారు. తినకుండా పట్టుకుని అంతా చెప్పేశాను. నా 7.1, అమ్మ సంగతి, బాలయ్య, లక్ష్మీదేవమ్మ, జములమ్మ. మధ్యలో ఆపితే మళ్లీ మొదలు పెట్టలేనని ఒక్క ఊపున చెప్పాను.

మేడం తిడతారనుకున్నాను. తిట్టారు కూడా. "మనిషి పానం మీద గీత గీసుకుంట ఆటలాడినవ్. వాళ్లకేమన్న అయితే నీ లెక్క పోయి బతికిస్తదా?" అన్నారు. నాకు కన్నీళ్లు ఆగలేదు. కాసేపటికి ఆవిడకే ఏదో గుర్తొచ్చి లోపలి గదిలోంచి ఫారాల కట్ట తెచ్చారు. ఒకటో నంబరు తీసి నా ముందు పెట్టారు.

"నూట ఇరవై మందిల మంచిగున్ననని సొంత నోటితోని చెప్పింది ఒక్కతివే, నువ్వే. సాక్ష్యం గూడ లేదు. గప్పుడే అనుమానం రావాలె నాకు" అన్నారు. నవ్వు ఆపుకోవడం ఆవిడ వల్ల కాలేదు. ఏడుస్తూనే నేనూ నవ్వాను.

తర్వాత నా మెడ పట్టి చూశారు. గడ్డ లేదన్నారు. ఆ మాట వినడానికి ఆరు వారాలు ఎందుకు దాక్కున్నానో నాకే అర్థం కాలేదు.

మార్చి 31

నలుగురినీ తీసేసి మళ్లీ వరుస పేర్చాం. పై నుంచి మూడో అంకె 4.8. కిట్ కాగితంలో ఉన్నది 5.0. రెండు నెలలు, మూడు ఊళ్లు, నాలుగు ప్యాకెట్ల బిస్కెట్లు పోసి సంపాదించిన తేడా ఇంత. మేడం మాత్రం లాటరీ తగిలినట్టు సంతోషపడ్డారు. తీసేసిన నలుగురి చోట కొత్తవాళ్లను తెచ్చే బాధ్యత నాదట. పక్కింటి సాక్ష్యం చెల్లదు, ప్రతి మనిషినీ మేడమే చేత్తో చూస్తారు.

బాలయ్యకు, లక్ష్మీదేవమ్మకు సామ్యూల్ కబురు పెట్టాడు. నాలుగు కొత్త రిపోర్టులు నేనే రాశాను. నాలుగింటి మీదా ఎర్ర గీత. నా పేరు పక్కన 'హై' రాసేటప్పుడు పెన్ను ఆగింది. సామ్యూల్ చూస్తున్నాడని రాశాను.

ఏప్రిల్ 1, శనివారం

పొద్దున్నే సామ్యూల్ మోపెడ్ మీద గోపాల్‌పేట. గుంపు గుడిసెల దగ్గర మూటలు కడుతున్నారు. జములమ్మ మూట విడిగా ఉంది, చిన్నది.

కురుమూర్తిని పిలిచి, మొదట ఇచ్చిన కాగితం తప్పు, తప్పు నాది అని చెప్పాను. కొత్తది అందరికీ వినపడేలా చదివాను. మేడం పేషెంట్లకు చెప్పినట్టే చెప్పాను. ఎద్దు నడవకపోతే ముల్లుగర్రతో పొడుస్తాం కదా, ఒంట్లో ఆ పొడిచేది ఒకటి ఉంటుంది, ఈమెకు అది ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ పొడుస్తోంది, అయినా ఒళ్లు కదలడం లేదు, ఎద్దుకే జబ్బు అని. సోమవారం దవాఖానలో మేడం ఇంకోసారి రక్తం చూసి మాత్ర మొదలుపెడతారు, రెండు నెలల్లో మళ్లీ చేను పెరుకుతుంది.

కురుమూర్తి కాగితం తీసుకుని ఎర్ర గీతను బొటనవేలితో రుద్ది చూశాడు. "రోగమేనా?" అన్నాడు. రోగమే అన్నాను. "రెండేండ్లు నోటికొచ్చినట్లు తిట్టిన" అన్నాడు, ఎవరితోనో తెలియదు. తమ్ముణ్ని పిలిచి ఈసారికి పూణె వద్దని, ఇక్కడే ఉండి ఈమెకు మందు తాగించమని చెప్పాడు. తర్వాత జములమ్మతో, "నీడకు పోయి కూసో" అన్నాడు.

ఆమె వెంటనే కూర్చోలేదు. "ఇంకోపారి సదువక్కా" అంది. చదివాను. అప్పుడు కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పక్కనే కూర్చుని, నాకూ ఇదే ఉందమ్మా, నేనూ సోమవారం నుంచే మాత్ర వేసుకుంటాను అని చెప్పాను. ఇంట్లో కూడా ఇంకా చెప్పలేదు, వాళ్ల కంటే ముందు ఈమెకే చెప్పాను.

జములమ్మ ఏడుపు ఆపి నా వైపు తిరిగింది. "మరి మీ ఇంట్ల నిన్నెంత తిట్టిండ్రక్కా?"

ఎవరూ తిట్టలేదని చెప్పాను. అలసిపోయానంటే మా అత్తమ్మ మంచం వాల్చిందని, స్వెటర్ కొన్నదని, దవాఖానకు పొమ్మని తనే పోరుపెట్టిందని చెప్పాను.

జములమ్మ నా మొహంలోకి చూసి, "నా కాడ దాస్తున్నవ్ లే" అంటూ నా చెయ్యి నిమిరింది. నాకు సిగ్గేసింది.